రేవు లేని తీరానికి తెరచాప పడవ

గోవాలో ఒక తెరచాప బోటు అమ్మకానికి ఉంది. 32 అడుగుల పొడవు, లోపల నలుగురు పడుకునే కేబిన్, వంటకి గ్యాసు పొయ్యి, చిన్న డీజిల్ ఇంజను. కట్టి ముప్ఫై ఏళ్ళు దాటిన పడవని గీకి, పూతలు మళ్ళీ వేసి, చాపలూ తీగలూ మార్చి అమ్మకానికి పెట్టారు. అడుగుతున్నది 18 లక్షలు. కొనాలని పట్టుదలగా ఉన్నవాడు ఆ షెడ్డులోనే ఫైబర్ పని చేసే కుర్రాడు, కళింగపట్నం దగ్గర మత్స్యకార పల్లెవాడు. తనూ, ఓడల మీద పనిచేసే ముగ్గురు స్నేహితులూ తలా ఇంత వేసుకుని దాన్ని మన తీరానికి తెచ్చుకుంటామంటున్నారు. వద్దంటున్నవాడు అతని మేనమామ. తెప్ప మీద చాప ఎత్తి వేటకి వెళ్ళిన ఆఖరి తరం మనిషి, ఇప్పుడు ఊళ్ళో ఫైబర్ బోట్లకి చిల్లులు పూడుస్తూ ఉంటాడు.

వంశధార మొగ దగ్గర వాళ్ళిద్దరూ వాదించుకున్నది ఇక్కడ రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చేపల గురించీ, రేవుల గురించీ, వలసల గురించీ మాట్లాడుకుంటూనే ఉంటాం. తెరచాప గురించి మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది. అందుకే ఈ వాదన నాకు విలువైనదిగా తోచింది.

మావ: ఫొటోల్లో బాగున్నాదిరా అల్లుడా. రంగు బాగున్నాది, లోపల పరుపులు బాగున్నాయి. అయ్యేవీ నాను అడగను. నీటిలో ఎంత దిగుతాది, అది సెప్పు.

అల్లుడు: 1.6 మీటర్లు మావా. అయిదడుగుల పైమాటే. కింద కీల్‌లో రెండు టన్నుల పోత ఇనుము ఉంది. గాలికి ఎంత ఒరిగినా ఆ బరువే మళ్ళీ నిలబెడుతుంది.

మావ: మరి దాన్ని ఎక్కడ కడతావు? మన ఫైబర్ తెప్ప అడుగు సదునుగా ఉంటాది. అల మీద ఎక్కించి ఇసకలోకి తోసీడానికి పదిమంది భుజాలు సాలు, ఇప్పుడు ట్రాక్టరు కూడా వొస్తన్నాది. నీ బోటు ఒడ్డుకి రాకముందే ఆ కీల్ ఇసకలో దిగబడతాది. ఎనక నుంచి అల కొడతాది, పక్కకి ఒరిగిపోతాది. అలగ నాలుగు అలలు తగిల్తే ముప్ఫై ఏళ్ళ ఫైబరు నిలుస్తాదేటి?

అల్లుడు: ఒడ్డుకి ఎందుకు తెస్తాను? లంగరు వేసి బయటే ఉంచుతాను.

మావ: బయట ఎక్కడ? ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఏ గాలికీ సాటు నేదు. శ్రీకాకుళం జిల్లాకే 193 కిలోమీటర్ల ఒడ్డు ఉన్నాదని సెప్పుకుంటాం. అందులో నీ బోటు ఒక రాత్రి నిబ్బరంగా ఉండే సోటు ఒక్కటి సూపించు. అక్టోబరు వొచ్చిందంటే ఇంక సెప్పనక్కర్లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్. మర్నాటేడు అదే తారీకున హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న తిత్లీ, అది మన పలాస పక్కనే ఒడ్డెక్కినాది. ఇసక మీద మోకులేసి కట్టిన తెప్పలే ఎగిరి పడినాయి. ఐదు టన్నుల బోటుని నీలల్లో ఒక గొలుసు మీద ఒగ్గీసి నువ్వు ఇంట్లో పడుకుంటావా?

అల్లుడు: అక్టోబరు, నవంబరు నెలల్లో బోటుని ఇక్కడ ఉంచను. విశాఖ తీసుకెళ్ళి ఒడ్డుకెత్తించి స్టాండు మీద పెట్టిస్తాను.

మావ: విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లకే సోటు సాలదు. ఒకదాన్నొకటి రాసుకుని ఉంటాయి. 2023 నవంబరు 19 రాత్రి మంటలంటుకుంటే నలభై దాకా బోట్లు బూడిదైపోనాయి. అక్కడ నీ బోటు కోసం క్రేను ఖాళీగా ఎవులు ఒగ్గుతారు?

ఇక్కడ వాళ్ళని కాసేపు ఆపి, పాఠకుడికి తీరం సంగతి చెప్పాలి. మన నదులన్నిటికీ మొగలున్నాయి: బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార, కళ్ళేపల్లి దగ్గర నాగావళి, కోనాడ దగ్గర చంపావతి. మ్యాపులో చూస్తే ప్రతిదీ సహజమైన రేవులాగే కనిపిస్తుంది. దగ్గరకి వెళ్తే మొగకి అడ్డంగా ఇసుక మేట ఉంటుంది. నైరుతి గాలుల కాలమంతా అలలు ఒడ్డు వెంబడి ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతూ ఉంటాయి. వరదలో నది ఆ మేటని కోసుకుని సముద్రంలో పడుతుంది, వరద తగ్గగానే ఇసుక మళ్ళీ మూసుకుంటూ వస్తుంది. వంశధార నీటిని పైన గొట్టా బ్యారేజి దగ్గర పొలాలకి మళ్ళిస్తారు కాబట్టి వేసవిలో మొగని తోసుకుని తెరిచి ఉంచేంత నీరు కిందికి రాదు. విశాఖపట్నం ఓడరేవు ఈ ఇసుకని తవ్వి ఎత్తిపోస్తూ ఉంటేనే తన దారిని తెరిచి ఉంచుకోగలుగుతోంది. పల్లెటూరి మొగకి ఆ వైభోగం లేదు.

కళింగపట్నం ఓడరేవుగా వెలిగిన రోజుల్లోనూ ఓడలు ఒడ్డుకి రాలేదు. దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. సరుకుని ఒడ్డు నుంచి ఓడకి చేర్చింది కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవలు. మేకు కొట్టిన పడవ అల దెబ్బకి విచ్చుకుపోతుంది. కుట్టిన పడవ వంగి, సాగి, తట్టుకుంటుంది. ఆ పడవ నడిపినవాళ్ళు ఈ మావలాంటి వాళ్ళ తాతలే. విజయనగరం జిల్లాలో సంతపల్లి దీపస్తంభాన్ని 1847లోనే కట్టారంటే ఈ తీరంలో చాపల ఓడల రాకపోకలు ఎంత ఉండేవో ఊహించుకోవచ్చు. ఈ చరిత్ర వాళ్ళిద్దరికీ తెలుసు. ఇద్దరూ దాన్నే సాక్ష్యానికి పిలిచారు.

అల్లుడు: రేవు లేకపోయినా ఓడలు రాలేదా మావా? ఇక్కడే కదా లంగరు వేసుకుని ఉన్నాయి.

మావ: వొచ్చినాయి. సరుకు ఎత్తుకున్నాయి, ఎలిపోనాయి. ఇక్కడ కాపురం ఎట్టనేదు. గాలి మారితే లంగరు ఎత్తి నడిసముద్రానికి పోడానికి ఓడలో నిండా మనుషులుండీవోలు. నీ బోటులో రాత్రి ఎవులుంటారు?

అల్లుడు: నేనే ఉంటాను. అందుకే కదా అందులో పడక ఉంది.

మావ: ఏడాది పొడుగునా?

అల్లుడు సమాధానం చెప్పలేదు. మావ కూడా రెట్టించలేదు, పడవ వైపు మళ్ళాడు. ఆ తర్వాత నడిచిన మాటలు పాత పడవ కొనేవాళ్ళెవరైనా వినదగినవి. మన తీరంలో చేతులు మారే ఫైబర్ బోట్లకీ ఇవి వర్తిస్తాయి.

మావ: సరే, కట్టే సోటు సంగతి పక్కనెట్టు. బాగుసేసింది ఎవులు?

అల్లుడు: మా షెడ్డే. గీకింది నేనే. నీటిగీత కింద రంగు తీస్తే బొబ్బలు బయటపడ్డాయి. శనగ్గింజంతవి కొన్ని, రూపాయి బిళ్ళంతవి కొన్ని. స్క్రూడ్రైవర్ మొనతో ఒకదాన్ని పొడిస్తే గోధుమరంగు నీరు చిమ్మింది. వేలికి జిగటగా అంటుకుంది, వెనిగర్ వాసన.

మావ: నీళ్ళు ఫైబరు లోపలికి దిగి రెసిన్‌ని తినీసినాయి. ఎన్ని బొబ్బలు?

అల్లుడు: లెక్కపెట్టలేనన్ని. అందుకే పై పొర మొత్తం గ్రైండరుతో తీసేశాం. ఉప్పు పోయేదాకా మంచినీళ్ళతో కడిగాం. ఆరబెట్టాం. తేమ కొలిచే మీటరు పెట్టి చూసి, ఎపాక్సీ పూతల మీద పూతలు వేశాం. ఆ పైన నాచూ గవ్వలూ పట్టని రంగు. ఇప్పుడు చెయ్యి పెట్టి చూడు, గాజులా నున్నగా ఉంటుంది.

మావ: ఏ నెలల్లో ఆరబెట్టినారు?

అల్లుడు: జూన్ ఆఖరు నుంచి... ఆగస్టు దాకా.

మావ: గోవాలో. ఆషాఢం, శ్రావణం.

అల్లుడు: షెడ్డు లోపలే మావా. చుట్టూ ప్లాస్టిక్ కట్టి హీటర్లు పెట్టారు.

మావ: మీటరు అంకె నువ్వు సూసినావా?

అల్లుడు: తగ్గుతూ రావడం చూశాను. పూత వేయమన్న రోజున ఎంత ఉందో మేస్త్రీ చూశాడు, నేను చూడలేదు.

మావ: అదే అడుగుతన్నాను. తడి లోపల ఉండగా ఎపాక్సీ పూసీడం అంటే దొంగని ఇంట్లో ఎట్టి బయట తాళం ఏసుకోడమే. ఇవాళ గాజునాగే ఉంటాది. రెండు మూడు ఏసవులు పోతే మళ్ళీ బొబ్బలు లేస్తాయి. అప్పుడు ఆ గీకుడు ఖర్సు నీది. సరే, కీల్ బోల్టులు తీసి సూసినారా?

అల్లుడు: లేదు. రెండు టన్నుల కీల్ దించాలంటే బోటుని క్రేనుతో వేలాడదియ్యాలి. పైన నట్లు తుడిచి రంగు వేశారు.

మావ: రంగు ఏసినారు. బోల్టు తుప్పు పట్టేది నట్టు దగ్గర కాదురా. పడవా కీలూ కలిసే అతుకు మధ్యన, నీరు నిలిసే సోట. పైన సూస్తే తళతళలాడతాది, మధ్యన సగం తినీసి ఉంటాది. ఆ బోల్టులు తెగితే నీ రెండు టన్నులూ అడుక్కి పోతాయి, పైనున్న బోటు తిరగబడతాది. నువ్వు ఇందాక సెప్పిన ధైర్నం అంతా ఆ నాలుగు బోల్టుల మీద ఉన్నాది. మరి మాస్టుకి కట్టే తీగలు?

అల్లుడు: అవి నిజంగా కొత్తవి. స్టెయిన్‌లెస్ స్టీలు తీగలు, చివర్లు కూడా కొత్తవి. బిల్లు చూశాను. పదేళ్ళు దాటిన తీగని నమ్మకూడదని మా దగ్గర నియమం.

మావ: తీగ కొత్తది. ఆ తీగని పడవకి పట్టి ఉంచే ఇనప పట్టీ?

అల్లుడు: పట్టీలు కేబిన్ గోడ లోపల ఉంటాయి. చెక్క ప్యానెల్ విప్పితేగాని కనపడవు.

మావ: విప్పినారా?

అల్లుడు: ప్యానెల్‌కి వార్నిష్ వేశారు.

ఈ చివరి మాట చెప్పేటప్పుడు అల్లుడి గొంతు తగ్గింది. వాడు నిజాయితీ గల పనివాడు. తన చేతులతో చేసినదానికి హామీ ఇస్తాడు, చూడనిదాన్ని చూశానని అనడు. పడవ బాగుచేసి అమ్మేవాళ్ళు ముందుగా కంటికి కనిపించేదాన్ని బాగుచేస్తారు. పరుపులు, పొయ్యి, లైట్లు, రంగు. కొనేవాడి కన్ను వాటి మీదే పడుతుంది కాబట్టి డబ్బు వాటి మీదే పెడతారు. కీల్ బోల్టు, తీగల పట్టీ, చుక్కాని లోపలి చట్రం, అడుగున నీరు పోయే వాల్వులు చేత పట్టుకుని చూడ్డానికి అందంగా ఉండవు, ఫొటోలో పడవు. కానీ సముద్రంలో ప్రాణం వాటి మీదే ఉంటుంది. బాగుచేశామన్న మాటకి ఏమేం విప్పారు, ఏమేం విప్పలేదు అన్న రెండు జాబితాలు అడిగి తీసుకోకుండా ఎవరూ అడ్వాన్సు ఇవ్వకూడదని నా ఉద్దేశం.

అల్లుడు: కొత్త బోటు కొనగలమా మావా? అదే సైజుది కొత్తగా కొంటే ధర ఎన్నో రెట్లు. దాని మీద పన్ను. విలాస పడవలని చెప్పి 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 40 శాతం చేశారు. మనలాంటి వాళ్ళకి పాతదే దారి.

మావ: అసలు ఆ దారిలో ఎందుకు పోవాలని అడుగుతన్నాను. నలుగురూ కలిసి 18 లక్షలు ఎడతారు. దాంతో మంచి ఫైబర్ బోటు, ఇంజను, వలలు వొచ్చీవి. ఊళ్ళో నాలుగు ఇళ్ళు నిలబడీవి. మన కుర్రోళ్ళు గుజరాత్ వెరావల్ ఎందుకు పోతన్నారు? సొంత బోటు నేక. డి.మత్స్యలేశం వోళ్ళు, ఆ సుట్టుపక్కల వోళ్ళు 2018 ఆఖర్లో పాకిస్తాన్ వోళ్ళకి సిక్కి, ఏడాది పైన కరాచీ జైల్లో ఉన్నారు. 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇరవై మందిని ఒగ్గినారు. సినిమా తీసినారు, జనం సూసినారు. కుర్రోళ్ళు ఇంకా పోతనే ఉన్నారు. ఆ డబ్బుతో షికారు బోటు కొంటానంటే నాకు కడుపు మండతాది.

అల్లుడు: వెరావల్ నేనూ వెళ్ళొచ్చాను మావా, ఆ డెక్కు మీద నేనూ నిలబడ్డాను. చేపల బోటే కొన్నామనుకో. ఇక్కడ చేప ఏది? ఇంజను బోట్లు ఎక్కువై, వలల కన్ను చిన్నదై, ఒడ్డు దగ్గర చేప తరిగిపోయిందని నువ్వే అంటావు. నాలుగు ఇళ్ళకి ఇంకో బోటు చేరితే అదే చేపని ఇంకో నలుగురు పంచుకోవాలి. సముద్రంతో బతకడానికి వేట ఒక్కటే దారా? గోవాలో తెరచాప నేర్పి బతుకుతున్నవాళ్ళున్నారు. బోట్లు బాగుచేసి బతుకుతున్నవాళ్ళున్నారు. పరాయి దేశాల బోట్లని ఒక రేవు నుంచి ఇంకో రేవుకి నడిపి ఇచ్చి బతుకుతున్నవాళ్ళున్నారు. వాళ్ళలో మనవాళ్ళు ఎంతమంది? గాలి చూసి వాన చెప్పేవాళ్ళు మన ఇళ్ళలో ఉన్నారు. మన పిల్లలేమో గాలి పేరు కూడా తెలీకుండా వెల్డింగు పనికి పోతున్నారు.

మావ: జనాన్ని ఎక్కించుకుని తిప్పుతావేటి? 2019 సెప్టెంబరులో గోదారిలో కచ్చులూరు దగ్గర లాంచీ ములిగినాక పడవల మీద జనాన్ని ఎక్కించడం మాటలు కాదు. సర్వే కావాలి, లైసెన్సు కావాలి, మెరైన్ పోలీసులకి సెప్పాలి, కోస్ట్‌గార్డుకి సెప్పాలి.

అల్లుడు: ఆ కాగితాలన్నీ ఉండాల్సిందే. వాటికి నేను అడ్డు చెప్పను. మొదటి ఏడాది ఎవర్నీ ఎక్కించుకోను. ఊళ్ళో పిల్లలకి నేర్పుతాను. విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య నేవీలో చేరి, మరో నలుగురితో కలిసి తారిణి అన్న తెరచాప పడవ మీద ప్రపంచం చుట్టి వచ్చారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి 2018 మే 21న మళ్ళీ గోవాకే. 254 రోజులు. మగాళ్ళెవరూ లేరు. పడవ 55 అడుగులు, గోవాలోనే కట్టారు.

మావ: తారిణి అంటే తారాతారిణి అమ్మోరేనా?

అల్లుడు: ఆవిడే. గంజాం కొండ మీద అమ్మోరు. సముద్రం మీద పోయేవాళ్ళని కాపాడే తల్లని ఆ పేరు పెట్టారు.

మావ: సైత్రమాసం మంగళవారాల్లో జాతర జరుగుతాది. మా అమ్మ తీసుకెళ్ళీది. ఋషికుల్య ఒడ్డున దిగి మెట్లెక్కీవోళ్ళం... బాగున్నాది. ఆడపిల్లలు గొప్ప పని సేసినారు. కానీ వోళ్ళ ఎనక నేవీ ఉన్నాది. ఏ రేవుకి పోయినా బాగుసేసీవోళ్ళున్నారు. నీ ఎనక ఎవులున్నారు?

అల్లుడు: ఎవరూ లేకుండా వెళ్ళినవాడి సంగతి చెప్తాను. అభిలాష్ టోమీ, నేవీ నుంచి బయటికొచ్చేశాక, 2022 సెప్టెంబరు 4న ఫ్రాన్సులో గోల్డెన్ గ్లోబ్ రేసుకి దిగాడు. ఒక్కడే. ఎక్కడా ఆగకూడదు, జీపీఎస్ వాడకూడదు. ఆ రేసులో 1988కి ముందు గీసిన డిజైను పడవలే దిగాలి. అతను దిగింది పాత బోటు. కొని, విప్పి, బాగుచేసుకున్న బోటు. 36 అడుగులు. మన బోటు కన్నా నాలుగడుగులే ఎక్కువ. దారిలో చుక్కానిని గాలితో నడిపే యంత్రం విరిగిపోతే బోటు లోపలి చెక్కనే కోసి అతుకు వేసుకున్నాడు. 236 రోజులకి, 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో ఒడ్డు చేరాడు. అంతకుముందు 2018 రేసులో తుఫానుకి మాస్టు విరిగి, నడుం విరిగి, హిందూ మహాసముద్రం మధ్యలో పడున్న మనిషి. మళ్ళీ వెళ్ళాడు. పాత బోటు పనికిరాదని ఎలా అంటావు మావా?

మావ: పాతది పనికిరాదని నాను ఎప్పుడన్నాను? విప్పి సూడనిది పనికిరాదన్నాను. నువ్వు సెప్పిన ఆ మనిషి విప్పి సూసుకున్నాడు. నువ్వు వార్నిష్ సూసినావు.

ఈ మాటకి అల్లుడు నవ్వలేదు, కోపమూ పడలేదు. తల ఊపాడు. మావ అప్పటిదాకా బాగుచేస్తున్న వల పక్కన పెట్టి, ఇసుకలో వేలితో గీస్తూ తెప్ప సంగతి మొదలుపెట్టాడు. నేను ఆ మధ్యాహ్నం విన్నవాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

మావ: మా తెప్ప దుంగలతో కట్టినది. కీల్ నేదు. చాప ఎత్తితే గాలి పోయిన ఏపే తెప్ప పోవాల. గాలికి అడ్డం పోవాలంటే దుంగల సందులోంచి పలక ఒకటి నీటిలోకి దించీవోళ్ళం. పలక నీటిని పట్టుకుంటాది, తెప్ప పక్కకి జారదు, ముందుకి పోతాది. ఒడ్డు దగ్గరకి వొచ్చేటప్పుడు పలక పైకి లాగీసి అల మీద ఎక్కీవోళ్ళం. నూలు చాప, ఎండకి బిగువు పోయి గాలి కన్నాల్లోంచి కారిపోతాది. డొక్కుతో నీళ్ళు తీసి చాప మీద కొట్టీవోళ్ళం. తడిస్తే నూలు ఉబ్బి కన్నాలు మూసుకుంటాయి, అప్పుడు లాగుతాది. పదేళ్ళ పిల్లడి పని అది. నాను ఆ పనితోనే సముద్రంలోకి దిగినాను. నీ బోటుకి ఆ పలకనాగ పైకి లాగే కీల్ ఉన్నాదా?

అల్లుడు: దీనికి లేదు. అలాంటి బోట్లూ ఉన్నాయి. కీల్‌ని తాడుతోనో హైడ్రాలిక్‌తోనో పైకి లాగుతారు. రెండు కీల్‌ల బోట్లు ఇంకోరకం, ఇసక మీద వాటంతట అవే నిలబడతాయి. ఇంగ్లండు, ఫ్రాన్సు తీరాల్లో ఇవి ఎక్కువ.

మావ: అక్కడ పోటుకీ పాటుకీ తేడా ఎంత?

అల్లుడు: కొన్నిచోట్ల పది మీటర్ల పైన.

మావ: ఇక్కడ మనిషి ఎత్తు రాదు. అక్కడ నీరు మెల్లగా ఎలిపోతాది, బోటు మెల్లగా కూచుంటాది. ఇక్కడ నీరు పోదు, అల ఆగదు. అయినా మొగ లోపలికి దూరాలంటే పైకి లేచే కీల్ ఉన్నదే మేలు.

అల్లుడు: అలాంటిది దొరకాలంటే ఏళ్ళు పట్టొచ్చు.

మావ: అంతదాకా ఇంకో పని సెయ్యి. ఊళ్ళో పాత ఫైబర్ తెప్ప ఒకటి తీసుకో. ఇంజను తీసీ. చాప ఎట్టు. పలక ఎట్టు. పిల్లల్ని ఎక్కించి నేర్పు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బందు కదా, ఇంజను నేని తెప్పలకి ఆ బందు నేదు. ఆ రెండు నెలలూ మన ఒడ్డున దక్షిణపు గాలి సక్కగా వీస్తాది. పిల్లలు గాలి నేర్సుకుంటారు, నాలుగు సేపలూ వొస్తాయి. ఎనభైల్లో ఎఫ్‌ఏఓ వోళ్ళ బంగాళాఖాతం పథకం ఇసక ఒడ్డున దిగే ఫైబర్ పడవలు తెచ్చినాది, గుర్తుందా? ఆటికి ఇంజనుతో పాటు చాప కూడా ఎట్టి సూసినారు. డీజిల్ సవగ్గా ఉండీసరికి చాపని ఎవులూ పట్టించుకోనేదు.

ఎఫ్‌ఏఓ, అంటే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ఆ పథకాన్ని 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టింది. ఇవాళ మన ఒడ్డున వరసగా కనిపించే ఫైబర్ తెప్పల వెనక అలాంటి ప్రయత్నాలు ఎన్నో ఉన్నాయి. చాప మాత్రం రాలేదు.

అల్లుడు: తెప్పకి చాప పెడతాను మావా. ఆ మాట బాగుంది, ఈ ఏప్రిల్‌కే పెడతాను. కానీ అది ఒడ్డు కనపడేంత దూరమే పోతుంది. రాత్రి సముద్రంలో ఉండటం, మ్యాపు చూసి దారి తియ్యటం, మూడు రోజులు ఒడ్డు కనపడకుండా నడపటం, అవి కేబిన్ ఉన్న బోటు మీదే వస్తాయి. నువ్వు నాకు అడ్డపలక నేర్పుతానంటున్నావు. నేను ఆ పిల్లల్ని పారాదీప్ దాకా, అండమాన్ దాకా తీసుకెళ్ళాలనుకుంటున్నాను. ఇక్కణ్ణించి మన పాతకాలపువాళ్ళు వెళ్ళారంటారు కదా, శాలిహుండం కొండ మీద స్తూపాలు కట్టిన రోజుల్లో.

మావ: ఎల్లినారు. కట్టుకునే సోటు ఉండే ఎల్లినారు. మళ్ళీ అక్కడికే వొచ్చినావు నువ్వు.

అల్లుడు: చోటు అడగందే ఎవరిస్తారు? మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసిన పోర్టుకి అలని ఆపే గోడలు కడుతున్నారు. బుడగట్లపాలెంలో ఫిషింగ్ హార్బర్ అంటున్నారు. వాటి మూల ఎక్కడో చిన్న పడవలకి నాలుగు బోయలు వేసే చోటు ఉంచమని ఇప్పుడే అడగాలి. కట్టేశాక అడిగితే ఇక లేదంటారు. అడగాలంటే కట్టడానికి ఒక పడవ ఉండాలి మన దగ్గర.

మావ: పడవ ముందా, సోటు ముందా?

అల్లుడు: పడవే ముందు.

మావ: సోటే ముందు.

నా మొగ్గు ఎటు అని అడిగితే దాచను. పెద్ద పోర్టుల ప్లానుల్లో చిన్న పడవకి చోటు ఉండాలన్న అల్లుడి కోరిక న్యాయమైనది. బొగ్గు ఓడకీ ఎగుమతి రొయ్యకీ గోడ కట్టే ప్రభుత్వం, ఈ తీరం పిల్లలు తెరచాప నేర్చుకోవడానికి నాలుగు బోయలంత నీటిని కేటాయించలేకపోవడానికి కారణం ఏమీ లేదు. ఆ కోరిక కోరేవాడి చేతిలో మాత్రం తెగిన బోల్టుల బోటు ఉండకూడదు. ఆ ఒక్క విషయంలో మావే నెగ్గాడు, అల్లుడూ అది ఒప్పుకున్నాడు.

అల్లుడు: అమ్మేవాడు మార్చి దాకా ఆగుతానన్నాడు.

మావ: ఏప్రిల్ దాకా ఆగమను. పదిహేనున వేట ఆగుతాది, మర్నాడే రైలెక్కి వొస్తాను. బోటు నీటిలో ఉంటే నాను సూడను, ఒడ్డుకెత్తించమను. వానాకాలంలో ఏసిన పూత మీద ఎండాకాలంలో సుత్తితో తట్టి సూద్దాం, బోలు పలికితే తెలిసిపోతాది. కీల్ బోల్టులు ఒకటో రెండో తీయించి సూపించమను. పట్టీల మీద ప్యానెల్ ఇప్పించు. సుక్కానికి అడుగున సిన్న కన్నం ఎయ్యి. నీరు కారితే లోపల సట్రం పోనట్టే.

అల్లుడు: కన్నం వెయ్యడానికి ఒప్పుకోడేమో.

మావ: ఒప్పుకోకపోతే తిరుగు రైలు ఉన్నాది.

అల్లుడు: ఒప్పుకుని, అన్నీ బాగుంటే?

మావ: బాగుంటే ధర తగ్గించమని బేరం నాను ఆడతాను, నీకు సేతకాదు. ఈలోగా నువ్వు సంక్రాంతి నుంచి పున్నమికీ అమాసకీ మొగలోకి తెప్ప ఏసుకుని గుండుతాడు దించి లోతు రాసుకో. పోటులో ఎంత, పాటులో ఎంత, మేట ఏ ఏపు జరిగినాదో అన్నీ. మూడు నెలల లెక్క నా సేతికి ఇయ్యి. అందులో ఒక్క రోజైనా మొగలో నీ బోటు దాటే లోతు కనబడకపోతే, బోల్టులు బంగారమైనా నాను ఊ అనను.

అల్లుడు: విశాఖలో ఉంచితే?

మావ: విశాఖలో ఉంచితే ఈ ఊరి పిల్లలకి ఎలగ నేర్పుతావు?